ఏడు దేశాలను ఆపిన సొరుగు

పదకొండు దేశాలను మూడు రోజులపాటు కదలకుండా ఆపినవాణ్ణి నేను. టెక్సస్‌లో, ప్లేనోలో ఉన్న మా అమ్మాయి ఇంటికి కొత్తగా ఎవరొచ్చినా, వాళ్ళ చేతిలో కాఫీ చల్లారేలోపు ఈ మాట చెప్పేస్తాను. వాళ్ళు మర్యాదకి "రియల్లీ అంకుల్?" అంటారు. అప్పుడు గోడ మీద ఫ్రేము చూపిస్తాను. అందులో ఒక పెద్ద అంతర్జాతీయ సంస్థ లెటర్‌హెడ్, దాని కింద నా పేరు, నా జాగ్రత్తనీ సమయపాలననీ మెచ్చుకుంటూ నాలుగు వాక్యాలు, చివర నీలం ఇంకుతో సంతకం ఉంటాయి. చదివాక వాళ్ళు నాకేసి చూసే చూపు మారుతుంది. మా అమ్మాయి మాత్రం వంటింట్లోంచే, "నాన్నా, ఈసారి పదకొండా? పోయినసారి తొమ్మిదన్నావు" అంటుంది.

ఏడు. నిజంగా ఏడే. మూడు రోజులు కూడా కాదు. శుక్రవారం సాయంత్రం ఐదింటి నుంచి సోమవారం మధ్యాహ్నం దాకా. అందులో రెండు రోజులు ఎలాగూ సెలవే. పోనీ ఆపింది నేనేనా అంటే, అదీ గట్టిగా చెప్పలేను. ఆపింది నా బల్ల సొరుగు. దాని తాళంచెవి నా జేబులో ఉండేది, అంతే.

ఇప్పుడు వయసు ఎనభై దాటింది. ఫ్రేము వెనక ఏముందో నాకు తప్ప ఇంకెవరికీ తెలియదు. అందుకని రాస్తున్నాను. రాస్తూ రాస్తూ మధ్యలో ఎక్కడైనా పెంచి చెబితే నేనే పట్టుకుని దించుతాను, మీరు కంగారు పడకండి.

డెబ్భైల చివర్లో నేను వాషింగ్టన్‌లో ఆ సంస్థలో చేరాను. మా ఊరు భీమవరానికి ఉత్తరాలు రాసేటప్పుడు "ఇక్కడ ఆఫీసర్‌ని" అని రాసేవాణ్ణి. ఆఫీసర్ని కాను. టెలెక్స్ గదిలో రికార్డుల క్లర్కుని. ఆ సంస్థలో మనుషులు రెండే రకాలు, కిటికీ ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ. ఆఫీసర్లకి తలుపున్న గదీ, అందులో కిటికీ. మిగతావాళ్ళకి ఒక పొడుగాటి హాల్లో బల్లలు. నా బల్ల హాల్లో కూడా కాదు, పక్కన మిషన్ ఉన్న గదిలో. బయట మంచు పడుతోందో ఎండ కాస్తోందో, వచ్చేవాళ్ళ భుజాల్ని చూసి తెలుసుకునేవాణ్ణి. ఆరేళ్ళు అలా గడిచాక నాకు ఒకే ఒక్క కోరిక మిగిలింది. కిటికీ కావాలి.

టెలెక్స్ అంటే ఇప్పటి పిల్లలకి తెలియదు. టైపు మిషన్ లాంటిదే, కాకపోతే ఎక్కడో సముద్రం అవతల ఒకడు తన మిషన్ మీద కొడితే, ఇక్కడ నా మిషన్ దానంతటదే టకటకలాడుతూ అచ్చు వేసేది. కాగితం రెండు పొరలు. పైది తెల్లది, అది ఎవరికి వచ్చిందో వాళ్ళకి. కిందది పింక్ రంగుది, అది ఫైలుకి. వచ్చిన ప్రతి టెలెక్స్‌కీ నేను నంబరు వేసి, టైము వేసి, కౌంటర్ మీదున్న రిజిస్టర్లో ఎక్కించేవాణ్ణి. రిజిస్టర్లో చివరి గడి "అందుకున్నవారి సంతకం". ఆఫీసర్లు వచ్చి అక్కడ సంతకం చేసి, టైము వేసి, తెల్ల కాగితం పట్టుకుపోయేవాళ్ళు. నా చేతిరాత ముత్యాల్లా ఉండేది. ఇది పెంచి చెప్పడం కాదు.

ఇక నరసాపురం సంగతి. పేరు చెప్పను, నాకు అతను ఎప్పుడూ నరసాపురమే. భీమవరం నుంచి రైలెక్కి టీ తాగేలోపు వచ్చే ఊరు. నాకంటే ఎనిమిదేళ్ళు చిన్న. నా తరవాత రెండేళ్ళకి చేరాడు, పరిశోధన విభాగంలో సహాయకుడిగా. అప్పట్లో అతనికీ కిటికీ లేదు. మొదటి రోజే టెలెక్స్ గదికి వచ్చి, "అన్నగారూ, మీది మన జిల్లా అట కదా" అన్నాడు. నాకు ఎంత సంతోషమేసిందంటే, ఆ వారమంతా దగ్గర కూచోబెట్టుకుని టెలెక్స్ ఎలా పంపాలో, ఫైలు ఎలా కట్టాలో నేర్పాను. అక్కడే తప్పు చేశాను. నేర్పకుండా ఉండాల్సింది.

అతనిలో నాకు పడనివి ఒకటా రెండా. గొంతు బాగుండేది. ఆదివారం మధ్యాహ్నాలు తెలుగు క్రైస్తవ కుటుంబాలు అద్దె హాల్లో కూడి ఆరాధన చేసుకునేవి. అక్కడ అతని పాట వినడానికి, మేం హిందువులమైనా, మా ఆవిడ రెండు క్రిస్మస్‌లకి వెళ్ళొచ్చింది. నేను పాడితే ఇంట్లో తలుపులేసేది. అతనికి డ్రైవింగ్ వచ్చు. నేను మూడుసార్లు లైసెన్స్ టెస్ట్ ఫెయిలయ్యాను. కాబట్టి ప్రతిరోజూ పొద్దున్నే మా అపార్ట్‌మెంట్ ముందు అతని కారు ఆగేది, నేను ఎక్కి కూచునేవాణ్ణి. ఎవరి మీద కడుపు మండుతోందో వాడి కారులోనే రోజూ ఆఫీసుకి వెళ్ళడం ఎలా ఉంటుందో మీకు తెలియకపోతే అదృష్టవంతులు. హీటర్ కూడా నావైపే తిప్పేవాడు.

అన్నిటికంటే ఒళ్ళు మండించేది అతని పలకరింపు. ఏ దేశానికి పని మీద ఫోన్ చేసినా ముందు పని మాట్లాడడు. "మీ అమ్మగారి మోకాలు ఎలా ఉంది, మీ వాడి పరీక్షలు అయ్యాయా" అని మొదలెడతాడు. అవతలివాళ్ళు ఏ మంత్రులో రాయబారులో కాదు, నాలాంటి గుమాస్తాలు. "ఆఫీసు ఫోన్లో ఈ పరామర్శలేంటోయ్" అని నేను నవ్వేవాణ్ణి. అతనూ నవ్వేవాడు. నా బల్ల ముందుకొచ్చి ఎవరైనా మా అమ్మ మోకాలి గురించి అడిగారా, ఎప్పుడైనా? అతనొక్కడే అడిగాడు. దానికీ ఒళ్ళు మండింది.

ఎనభైల మధ్యలో మా సంస్థకి ఒక కొత్త చుట్టం తగిలింది. వెచ్చటి సముద్రంలో ఏడు చిన్న దీవి దేశాలు. కొన్నయితే మా పశ్చిమ గోదావరి జిల్లాలో సగం కూడా ఉండవు. విడివిడిగా వచ్చి మాట్లాడితే పెద్ద సంస్థల్లో వినేవాడుండడు కాబట్టి ఏడూ కలిసి వ్యాపార కూటమి కట్టాయి. తమలో తాము సరుకుల మీద సుంకాలు తగ్గించుకోవాలి, బయటివాళ్ళతో ఒక్క గొంతుతో మాట్లాడాలి. ఆ గొంతు పేరు సచివాలయం. అది ఏడింటిలోకీ పెద్ద దీవిలో ఉండేది. ఆ సచివాలయానికీ మా సంస్థకీ సహకార ఒప్పందం కుదరాలి.

సహకారం అంటే ఏమిటని మా ఆవిడ అడిగింది. వియ్యాలవారి రాకపోకల్లాంటిదే అని చెప్పాను. మన సమాచారం వాళ్ళకి పంపాలి, వాళ్ళది మనకి పంపాలి. వాళ్ళ కస్టమ్స్ ఉద్యోగుల్ని పిలిచి శిక్షణ ఇవ్వాలి. ఏడు దేశాలూ ఏడు రకాల ఫారాల్లో సరుకు రాసుకుంటుంటే అన్నిటికీ ఒకే ఫారం చేయించాలి. మన సమావేశాల్లో కూటమికి ఒక కుర్చీ వేయాలి. ముందు పేరుపలక ఉంటుంది, మంచినీళ్ళ గ్లాసు ఉంటుంది, అందరూ అయ్యాక చివర్లో మాట్లాడొచ్చు. ఓటు మాత్రం ఉండదు.

"అంటే మా తోటికోడలి ఇంట్లో నా పరిస్థితి" అంది మా ఆవిడ.

ఒప్పందం కుదిరితే ఆ కూటమి వ్యవహారాలన్నీ చూడ్డానికి మా సంస్థలో ఒక కొత్త అధికారిని వేస్తారని వార్త పొక్కింది. రెండు వైపులా మాట అందిస్తూ ఉండే ఉద్యోగం. ఉత్తర ప్రత్యుత్తరాలు తెలిసిన లోపలివాళ్ళకే ఇస్తారట. తలుపున్న గది. కిటికీ నదివైపట. నది సంగతి నేను కల్పించాను. కిటికీ మాత్రం నిజం, పార్కింగ్ వైపు. నేను దరఖాస్తు పెట్టాను. ఎనిమిదేళ్ళ సర్వీసు, ఒక్క కాగితం పోగొట్టలేదు, ఇంక నాకు కాకపోతే ఎవరికి అనుకున్నాను. నరసాపురం కూడా పెట్టాడు. పెడుతున్నట్టు కారులో నాతో చెప్పాడు. "మీరు పెట్టారని తెలిసి ఆగుదామనుకున్నాను అన్నగారూ, కానీ ఛీఫ్ పెట్టమంది" అన్నాడు. మా ఛీఫ్ ఒక స్కాట్లండ్ ఆవిడ. నవ్వడానికి కూడా అపాయింట్‌మెంట్ ఇచ్చే మనిషి. ఆవిడే పిలిచి పెట్టమందంటే ఇంకేముంది. ఆ రోజు కారు దిగేటప్పుడు తలుపు గట్టిగా వేశాను.

ఒప్పందం ముసాయిదా తయారైంది. దాన్ని ఏడు దేశాలూ ఒప్పుకోవాలి. ఏడు రాజధానుల నుంచి ఏడు సమ్మతి పత్రాలు రప్పించేసరికి ఏడాది పడుతుందని అందరూ తల పట్టుకుంటే, నరసాపురం ఇలాంటి అంతర్జాతీయ సంస్థల్లో పాత వాడుక ఒకటి ఉందని గుర్తు చేశాడు. ముసాయిదా అందరికీ టెలెక్స్‌లో పంపి గడువు పెడతారు. గడువులోపు ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే అందరూ ఒప్పుకున్నట్టే లెక్క. నోరు మెదపకపోవడమే సంతకం. ఛీఫ్ వెంటనే ఒప్పుకుంది. ఇందులో అంత గొప్పేముందో నాకు అర్థం కాలేదు. మా ఇంట్లో ఆ పద్ధతి పెళ్ళైన దగ్గర్నుంచీ ఉంది. నేను మాట్లాడకపోతే మా ఆవిడ మాట ఖాయం.

గడువు శుక్రవారం సాయంత్రం ఐదు గంటలు. ఆ గంట దాటితే ఛీఫ్ పై అంతస్తుకి వెళ్ళి ఒప్పందం ఖాయమైందని చెబుతుంది. నరసాపురం పేరు కూడా చెబుతుంది. కిటికీ అతనిది అవుతుంది.

ఆ శుక్రవారం పొద్దున పదకొండూ ఇరవైకి మిషన్ మోగింది. నేను ఒక్కణ్ణే ఉన్నాను. ఏడింటిలోకీ చిన్న దీవి నుంచి వచ్చింది. సారాంశం ఇది. ముసాయిదాలో ఏడో క్లాజు మాకు సమ్మతం కాదు. ఆ క్లాజు ప్రకారం మీ సమాచారమంతా కూటమి సచివాలయానికే వెళ్తుంది, అక్కణ్ణుంచి వాళ్ళకి తోచినప్పుడు మాకొస్తుంది. పెద్ద దీవి వాళ్ళకి అన్నీ ముందు తెలిసి మాకు చివర్న తెలియడం ఇప్పటికే జరుగుతోంది. మేము కూటమిలో చేరాం కానీ మా పోస్టుపెట్టె మూసెయ్యలేదు. దయచేసి ఆపండి.

ఆ టెలెక్స్ నేను రెండుసార్లు చదివాను. ఒక దేశం దేశమంతా పక్క దీవిని చూసి కుళ్ళుకోవడం మొదటిసారి చూశాను. ఎవరో నా మనసు చదివి సముద్రం అవతల నుంచి అచ్చు వేసి పంపినట్టు అనిపించింది. తెలివైన మనిషైతే అక్కడ నవ్వుకుని, కాగితం పట్టుకెళ్ళి ఇవ్వాల్సినవాళ్ళకి ఇచ్చేవాడు. నేను ఇంకోలా ఆలోచించాను. ఇది ఇప్పుడు నరసాపురం చేతికి వెళ్తే నాలుగు ఫోన్లు చేసి, నాలుగు మోకాళ్ళు పరామర్శించి, సాయంత్రానికల్లా సర్దేస్తాడు. ఇంకా గొప్పవాడవుతాడు. వెళ్ళకపోతే ఐదింటికి ఛీఫ్ పైకి వెళ్ళి అంతా ఖాయమని చెబుతుంది. సోమవారం ఆ దీవి వాళ్ళు గగ్గోలు పెడతారు. అతని పద్ధతీ, అతనూ కలిసి గంగలో కలుస్తారు.

తెల్ల కాగితం నాలుగు మడతలు పెట్టి సొరుగులో వేసి తాళం వేశాను. ఇన్నేళ్ళుగా ఈ కథ చెబుతూ, "మిషన్ పాడైంది", "ఆ రోజు నాకు జ్వరం" అని రకరకాలుగా అన్నాను. మిషన్ బాగుంది. నాకు జ్వరం లేదు.

మధ్యాహ్నం లంచ్ అయ్యాక అతను వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"అన్నగారూ, దీవుల నుంచి ఏమైనా వచ్చిందా?"

"ఏమీ రాలేదోయ్. అందరూ ఎండలో పడుకుని ఉంటారు" అన్నాను.

నవ్వి వెళ్ళిపోయాడు. ఆ నవ్వు చూస్తే నాకు కాస్త తృప్తిగా కూడా అనిపించింది. ఇది రాయడానికి సిగ్గేస్తోంది కానీ రాస్తున్నాను.

మళ్ళీ నాలుగున్నరకి వచ్చాడు. ఈసారి నవ్వలేదు. కౌంటర్ మీద మోచేతులు ఆనించి, "మిషన్ బాగానే పనిచేస్తోందా అన్నగారూ?" అన్నాడు.

"బ్రహ్మాండంగా."

"ఏమీ రాలేదంటారు."

"వస్తే నీకివ్వకుండా పచ్చడి పెట్టుకుంటానా."

అతను ఇంకా అక్కడే ఉన్నాడు. అతని మొహం చూడలేక నేను వెనక్కి తిరిగి మిషన్ రిబ్బన్ మార్చడం మొదలుపెట్టాను. రిబ్బన్ అంతకు ముందు రోజే మార్చాను. వెనక కౌంటర్ మీద కలం క్లిక్‌మన్న చప్పుడు వినిపించింది. తిరిగి చూసేసరికి అతను లేడు. ఐదుకి పది నిమిషాలుండగా ఛీఫ్ గదిలోకి వెళ్ళాడు. బయటికొచ్చాక హాల్లో అందరికీ చెప్పాడు. ఒక దేశం ఒక క్లాజు మీద కొంత వ్యవధి అడిగింది, గడువు సోమవారం మధ్యాహ్నానికి మార్చాం అని. ఎవరు ఎలా అడిగారో చెప్పలేదు.

నేను సొరుగు తాళంచెవి తడుముకున్నాను. ఉంది. మరి ఇతనికి ఎలా తెలిసింది?

ఆ సాయంత్రం అతని కారులోనే ఇంటికెళ్ళాను. బస్సులో వెళ్తాననడానికి కారణం కావాలి కదా. వంతెన మీద కార్లు బారులు తీరి ఉన్నాయి. అరగంటసేపు ముందున్న కార్ల నంబర్లు చదువుతూ కూచున్నాను. చివరికి అతను, "చలిగా ఉందా అన్నగారూ" అని హీటర్ నావైపు తిప్పాడు. నాకు చెమటలు పడుతున్నాయి.

మర్నాడు శనివారం అతన్ని మా ఆవిడ భోజనానికి పిలిచింది. బ్రహ్మచారి కాబట్టి వారానికోసారి మా ఇంట్లోనే తినేవాడు. ఆ రోజు ఒక కాగితం పొట్లం తెచ్చాడు. "వదినగారూ, వాసన చూసి ఏంటో చెప్పండి" అన్నాడు. మా ఆవిడ విప్పింది, వాసన చూసింది, కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది. గోంగూర. టీ ఆకులా ఎండబెట్టిన గోంగూర. ఆ రోజుల్లో అమెరికాలో గోంగూర అంటే కలలో కనిపించాల్సిందే. ఆ చిన్న దీవిలో ఈ మొక్కని ఎర్రటి కాయల కోసం పెంచుతారట. కాయతో పండక్కి షర్బత్ చేసుకుని ఆకు పారేస్తారట. ఫోన్లో మాటల సందర్భంలో తెలుసుకుని, అక్కడి గుమాస్తా ఆవిణ్ణి అడిగి, ఎండబెట్టించి, పోస్టులో తెప్పించాడు.

"ఆవిడే నిన్న మధ్యాహ్నం ఫోన్ చేసింది వదినగారూ, పొట్లం అందిందా అని" అన్నాడు. నావైపు చూడలేదు.

మా ఆవిడ ఆ ఆకు నీళ్ళలో నానబెట్టి, ఎండుమిరపకాయలు వేయించి పచ్చడి చేసింది. రెండుసార్లు వడ్డించబోయింది. "కడుపులో బాగాలేదు" అన్నాను. గోంగూర పచ్చడి కాదన్న భీమవరం మనిషిని ఆవిడ అంతకుముందు చూడలేదు. అతను మాత్రం మూడుసార్లు కలుపుకుని తిన్నాడు.

ఆ మధ్యాహ్నం మంచం మీద పడుకున్నప్పుడు నాకు వెలిగింది. టెలెక్స్ మిషన్‌కి ఒక అలవాటుంది. అవతలివాళ్ళు సందేశం పంపడం అయిపోగానే ఒక మీట నొక్కుతారు. అప్పుడు మన మిషన్, మనం ముట్టుకోకుండానే, తన పేరు తనే చెప్పి జవాబిస్తుంది. నేను ఫలానా, నాకు అందింది అని. ఆ జవాబు అవతలి కాగితం మీద అచ్చవుతుంది. అతనికి మొదటి వారం ఇదంతా నేర్పింది నేనే. గోంగూర ఆవిడ ఫోన్లో పొట్లం సంగతి ఒక్కటే అడిగి ఉండదు. మా టెలెక్స్ చూశారా, పదకొండూ ఇరవైకి మీ మిషన్ అందిందని చెప్పింది అనీ అని ఉంటుంది. నేను నోరు మూసుకున్నాను కానీ నా మిషన్ మూసుకోలేదు.

ఇంకోటి కూడా గుర్తొచ్చి లేచి కూచున్నాను. తెల్ల కాగితం దాచాను సరే. పింక్ కాపీ?

సోమవారం తెల్లారి, కారు కోసం ఆగకుండా బస్సులో వెళ్ళి అందరికంటే ముందు టెలెక్స్ గది తెరిచాను. పింక్ కాపీ శుక్రవారం ఫైల్లో, వరస తప్పకుండా, ఉండాల్సిన చోటే పడుకుని ఉంది. నేనే పెట్టాను. ఎనిమిదేళ్ళ అలవాటున్న చెయ్యి, బుర్ర దొంగతనం చేస్తున్నప్పుడు కూడా తన పని తను చేసుకుపోయింది. రిజిస్టర్ తెరిచాను. అక్కడా అంతే. నంబరు, టైము పదకొండూ ఇరవై, ఏ దేశం నుంచో, అన్నీ నా ముత్యాల చేతిరాతతో. దొంగతనం చేసి రసీదు రాసిపెట్టిన దొంగని నేనొక్కణ్ణే అయి ఉంటాను. చివరి గడి ఒక్కటి ఖాళీగా ఉంటుందనుకున్నాను.

ఖాళీగా లేదు. అందుకున్నవారి సంతకం దగ్గర నరసాపురం సంతకం ఉంది. పక్కన టైము, పదకొండూ నలభై. అతని కోడిగీతల చేతిరాతతో.

తొమ్మిదికి అతను వచ్చాడు. నేను సొరుగు తెరిచి, మడతలు పడిన తెల్ల కాగితం కౌంటర్ మీద పెట్టాను. ఏదో చెప్పబోయాను. "శుక్రవారం హడావిడిలో..." అని మొదలెట్టాను.

"నాకు శుక్రవారమే అందింది కదన్నగారూ" అన్నాడు. మడతలు విప్పి, అరచేత్తో సాపు చేసి, పట్టుకెళ్ళిపోయాడు.

మధ్యాహ్నానికి ఏడో క్లాజు మారింది. సమాచారం సచివాలయానికి ఒక ప్రతి, అదే రోజు ప్రతి దేశానికీ నేరుగా ఒక ప్రతి. అంతే మార్పు. పెద్ద దీవి వాళ్ళు కాస్త మొహం ముడుచుకున్నారు, చిన్న దీవి వాళ్ళు చల్లబడ్డారు, మిగతావాళ్ళు ఎప్పట్లాగే నోరు మెదపలేదు. ఒప్పందం ఖాయమైంది. ఆ తరవాత నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ, ఏ సమాచారం వెళ్ళాలన్నా ఒకటికి ఎనిమిది ప్రతులు నా చేతిమీదుగానే వెళ్ళాయి. చిన్న దీవి కవరు ముందు అంటించేవాణ్ణి.

ఉద్యోగం అతనికే వచ్చింది. కిటికీలోంచి పార్కింగ్, అందులో అతని కారు కనిపించేవి. నాకు వచ్చింది ఈ ఫ్రేములో ఉత్తరం. గడువు మార్పు గురించి పై అంతస్తువాళ్ళు అడిగితే ఛీఫ్ రిజిస్టర్ తెప్పించి చూసిందట. సందేశం వచ్చిన ఇరవై నిమిషాల్లో సంబంధిత వ్యక్తికి అందజేసిన రికార్డుల సిబ్బంది జాగ్రత్త ప్రశంసనీయం అని రాసింది. హాల్లో అందరి ముందూ చదివి నా చేతికిచ్చింది. ఆ రోజు అపాయింట్‌మెంట్ లేకుండానే నవ్వింది. నేను ఉత్తరం తీసుకున్నాను. ఇది తప్పు, నేను చేయలేదు అనడానికి అక్కడ కనీసం పది సెకన్లు దొరికాయి. గడువు దాటిపోయింది.

చప్పట్లు కొట్టినవాళ్ళలో నరసాపురమే గట్టిగా కొట్టాడు. అప్పుడైనా నాకు పశ్చాత్తాపం కలిగిందని రాస్తే బాగుండేది. కలిగింది కుళ్ళే. ఇంతకాలం అతని గొంతు మీద, కారు మీద, కిటికీ మీద కుళ్ళుకున్నాను. అవన్నీ నాకూ ఉంటే ఉండొచ్చు. ఎవరూ చూడకుండా, ఇంకొకడి కోసం, రిజిస్టర్లో ఆ చిన్న అబద్ధం రాసే మనసు నాకు ఎన్నాళ్ళు సర్వీసు చేసినా రాదు. అది తెలిసిన కుళ్ళు వేరుగా ఉంటుంది. నాలుగోసారికి డ్రైవింగ్ టెస్ట్ పాసయ్యాను. అతని కారు ఎక్కకుండా ఉండడానికే పాసయ్యాను.

రెండేళ్ళ తరవాత కూటమి సచివాలయం వాళ్ళే అతన్ని అడిగి తీసుకున్నారు. పెద్ద దీవికి వెళ్ళిపోయాడు. వెళ్ళే ముందు రోజు టెలెక్స్ గదికి వచ్చి ఒక కవరు నా చేతిలో పెట్టాడు. లోపల ఆ పింక్ కాపీ. ఇప్పుడు ఈ ఫ్రేము వెనక ఉన్నది అదే.

"ఇది ఫైల్లో ఉంటే ఎప్పుడో ఎవరో ఏదో అడుగుతారు అన్నగారూ. మీ దగ్గరుంచుకోండి" అన్నాడు.

"శుక్రవారమే చూశావా?"

"రెండోసారి వచ్చినప్పుడు. ఫైలు కౌంటర్ మీదే ఉంది. మీరు రిబ్బన్ మారుస్తున్నారు."

"మరి అప్పుడే నన్ను నిలదీయలేకపోయావా?"

"అడిగాను కదా, రెండుసార్లు" అన్నాడు. "మూడోసారి అడిగితే మీరు నిజం చెప్పేస్తారేమోనని భయమేసింది. అప్పుడు మనిద్దరం ఒకే కారులో ఇంటికెలా వెళ్తాం?"

ఈ కథ ఎవరికైనా చివరిదాకా చెప్పాల్సి వచ్చినప్పుడు, ఇక్కడ ఇంకో మాట చేరుస్తుంటాను. వెళ్తూ వెళ్తూ అతను గుమ్మం దగ్గర ఆగి, "నిజానికి మీ చేతిరాత చూస్తే నాకు ఎప్పుడూ కుళ్ళే అన్నగారూ" అన్నాడని. మా ఆవిడ పోయేదాకా అది నమ్మింది. విన్నప్పుడల్లా, "చూశారా, అందరికీ ఉంటుంది" అని నన్ను ఓదార్చేది.

అతను ఆ మాట అనలేదు. "వదినగారికి చెప్పండి, గోంగూర పంపిస్తుంటాను" అన్నాడు. పంపించాడు కూడా, చాలా ఏళ్ళు.